మిడతకి మూత వద్దు

ఇంటి వెనక షెడ్డు,
వానలు ఇంకా రాలేదు

వదినకి,

ముందు కూర్చో. కూర్చున్నావా? సరే, ఇప్పుడు చదువు. కొండ మీద కార్ల పోటీ ఈ ఏడాదితో ఆఖరు!

సొరంగం పని అయిపోవచ్చిందట. వానలు తగ్గాక జరిగే పోటీయే చివరిది, ఆ తరవాత పాత కొండ రోడ్డుకి గేటు పెట్టేస్తారు. కొండ కింద పెట్రోల్ బంకు కూడా సొరంగం నోటి దగ్గరికి మారిపోతుంది. నేను తోలే అంబులెన్సుకి డీజిల్ కొట్టిస్తుంటే బంకాయనే చెప్పాడు. చెప్పినవాడు ఊరుకోవచ్చుగా! గోడ మీద రికార్డుల బోర్డు వైపు గడ్డం ఎత్తి, "ఇక మీ వదిన పేరు శాశ్వతం అన్నమాట" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది.

నీ మీద కాదులే. కానీ ఆలోచించు. చిన్న బళ్ళ వరసలో ఏళ్ళ తరబడి నీ పేరే. పేరు, బండి, సమయం, మూడు గళ్ళు, మూడూ అన్నయ్య చేత్తో రాసినవే. అన్నయ్య నిన్ను మొదటిసారి చూసింది ఆ బోర్డు రాసే నిచ్చెన మీద నుంచే కదా. సైన్‌బోర్డు రాసేవాడికి పెళ్ళికూతురు బోర్డు మీదే దొరికింది అని అమ్మ ఇప్పటికీ అంటుంది.

అసలు సంగతి ఇది. నువ్వు ఉద్యోగానికని ఆ దీవికి వెళ్తూ నీ ఆకుపచ్చ కారు మిడతని నాకిచ్చి వెళ్ళావు. పాపం దాన్ని నేను కూరగాయల సంచీలకి వాడుతున్నాను. నాలుగు చక్రాలూ లాగే బండి, గుడ్డ టాప్ తెరిస్తే ఆకాశం కనపడే బండి, పెద్ద బళ్ళవాళ్ళు పెట్టే ఖర్చులో పావు వంతుకి వచ్చిన బండి! దాన్ని తయారు చేసి ఆఖరి పోటీకి నేను ఎక్కిస్తాను. నీ సమయం కొడతాను. ఆనవాయితీ ప్రకారం ఓడినవాళ్ళు తమ పేరు తమ చేత్తోనే చెరపాలి, తరవాతే అన్నయ్య కొత్త పేరు రాయాలి. కాబట్టి నీ చెయ్యి కూడా సిద్ధం చేసుకో.

కోపం వచ్చిందా? వస్తే రానీ. కానీ ఏమేం మార్చాలో మాత్రం రాయి. మిడత సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ముఖ్యంగా పైనున్న ఆ చివరి మలుపు నువ్వెలా తిప్పావో చెప్పు. అక్కడే అందరూ పోగొట్టుకుంటారు.

అన్నయ్య కులాసా. నీ దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాడు. నేను చెప్పానని చెప్పకు.

నీ ఆడపడుచు



దీవి, వాతావరణ కేంద్రం

ఆడపడుచు గారికి,

కూర్చునే చదివాను. ఇక్కడ నిలబడి చదివితే ఉత్తరం సముద్రంలో తేలుతుంది. గాలి కొలిచే గిన్నెలు మళ్ళీ విరిగాయి, పొద్దున్నంతా స్తంభం మీదే ఉన్నాను.

అబద్ధం ఎందుకు, నా పేరు పోవడం నాకిష్టం లేదు. పోనీలే అని పైకి అనేసి లోపల కుమిలిపోయే రకాన్ని కాను, నీకు తెలుసు. కానీ బండి సరిగ్గా లేక నువ్వు ఓడితే అది నాకు గెలుపూ కాదు, నిద్రా పట్టదు. అందుకని విను.

మొదట ఇంజన్ జోలికి వెళ్ళకు. నువ్వు వెళ్తావని తెలుసు, అందుకే మొదటి మాటగా రాస్తున్నా. గట్టి టాప్ లేని బండికి నడుం బలం తక్కువ. మామూలు కారుకి పైకప్పు కూడా బరువు మోస్తుంది, మిడతకి ఆ సాయం లేదు. మలుపులో ముందు భాగం ఒకటి అంటే వెనక భాగం ఇంకోటి అంటుంది. కాబట్టి ముందు పొట్ట కింద ఇనుప గొట్టాలు అడ్డంగా, ఏటవాలుగా వెల్డింగ్ చేయించు. ఎక్కడెక్కడో బొమ్మ వేసి పంపుతున్నా. ఆ తరవాత బ్రేకులు. ఆ తరవాత టైర్లు, నాలుగూ ఒకటే కంపెనీ, ఒకటే సైజు, ఒకటే వయసు. నాలుగు చక్రాల బండిలో ఏదీ ముందుకి ఒకలా వెనక్కి ఒకలా ఉండకూడదు. ఉంటే బండి తనతో తనే పోట్లాడుకుంటుంది.

ఇంకోటి. ఏం మార్చినా నాకు రాయి. చిన్న బోల్టయినా సరే.

మీ అన్నయ్య దిండు సంగతి నాకు తెలీనట్టే ఉంటాను.

వదిన



షెడ్డు,
మొదటి వాన పడి వెలిసింది

వదినా వదినా వదినా,

నవ్వి నవ్వి పొట్ట చెక్కలయ్యేలా ఉంది, చదువు.

బ్రేకు నూనె మార్చాలి కదా, లోపల కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. అన్నయ్యని కూర్చోబెట్టాను. "నాకు స్పీడంటే పడదు" అన్నాడు. "బండి కదలదు అన్నయ్యా, గాల్లో ఉంటుంది" అన్నాను. ఆ మాటకి ఇంకా భయపడ్డాడు. తలుపులు వేసేసి, మధ్యలో జాకీ పెట్టి లేపాను. పనయ్యాక దిగమంటే తలుపు రాదు! ఇటూ రాదు, అటూ రాదు. బండి నడుం వంగి తలుపులు బిగుసుకుపోయాయి. నువ్వు రాసింది అక్షరాలా కళ్ళముందు కనపడింది. కిందికి దించుదామంటే జాకీ కూడా మొరాయించింది. చివరికి టాప్ తెరిచి పైనుంచి ఎక్కి దిగమన్నాను. ఒక కాలు బయట, ఒక కాలు లోపల, మధ్యలో పొట్ట. పక్కింటావిడ మేడ మీద బట్టలు ఆరేస్తూ, "ఏమైందండీ, దొంగతనమా?" అని అడిగింది. అన్నయ్య అంత ఎత్తులో ఉండి కూడా నమస్కారం పెట్టాడు.

నీ బొమ్మ ప్రకారం గొట్టాలు పెట్టించాను. వెల్డింగాయన పని చాలా శుభ్రంగా చేశాడు. అయ్యాక మళ్ళీ మధ్యలో జాకీ పెట్టి లేపి, తలుపు లాగాను. టక్కున తెరుచుకుంది! గాల్లో ఉన్న బండికి తలుపు తెరుచుకోవడం చూసి కళ్ళ నీళ్ళొచ్చాయంటే నమ్ముతావా? అన్నయ్యని ఇంకోసారి కూర్చోమంటే పారిపోయాడు.

బండి ఇప్పుడు గుంతలో పడితే ఒకే ఒక్క చప్పుడు చేస్తుంది. ముందు పది రకాలుగా మూలిగేది.

పాత సామాన్ల షాపులో మిడతకి సరిపోయే గట్టి మూత ఒకటి ఉంది. ఫైబర్‌ది, నల్లటిది, పైన బిగిస్తే మామూలు కారులా అయిపోతుంది. గాలి కొట్టదు, బండి ఇంకా గట్టిపడుతుంది. అందరూ మూతతోనే వెళ్తున్నారు. తెచ్చేయనా?

చివరి మలుపు గురించి రాయలేదు నువ్వు. మర్చిపోయావేమో.

నీ ఆడపడుచు



దీవి

అమ్మాయ్,

మీ అన్నయ్య నమస్కారం దగ్గర నేను కూడా కుర్చీలోంచి జారాను. ఇక్కడ రేడియో చూసే పెద్దాయన ఏమైందమ్మా అని పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి చదివి వినిపించాల్సొచ్చింది. ఇప్పుడు ప్రతి పడవకీ "మీ ఆడపడుచు ఉత్తరం వచ్చిందా" అని నాకంటే ముందు రేవులో నిలబడుతున్నాడు.

తలుపు తెరుచుకుందంటే గొట్టాలు కరెక్టుగా పడ్డాయి. సంతోషం. ఇప్పుడు స్ప్రింగులు కొంచెం గట్టివి వెయ్యి. కొంచెం అన్నాను. రాయిలాంటివి వేస్తే చక్రం గుంత మీద ఎగురుతుంది, ఎగిరిన చక్రం లాగదు. వెనక సీటు తీసెయ్యి, దానిలో ఎలాగూ మనుషులు పట్టరు. గాలి లోపలికి పీల్చే గొట్టం కాస్త పెద్దది చెయ్యి, పొగ గొట్టం కూడా. చప్పుడు పెరుగుతుంది, పెరగనీ.

మూత వద్దు.

గాలి గిన్నెలు బాగయ్యాయి. మళ్ళీ విరుగుతాయి.

వదిన



షెడ్డు,
ముసురు

వదినకి,

మూత వద్దట! ఎందుకో చెప్పవు. సరే, నీ మాట కాదనలేదు, తేలేదు. షాపాయన మాత్రం దాన్ని నాకోసం పక్కన పెట్టి ఉంచాడు. చివరి మలుపు గురించి ఈసారి కూడా లేదు. గాలి గిన్నెల గురించి ఉంది.

పోనీ, కోపం తరవాత పడతాను, ఇప్పుడు వేళ్ళు ఆగట్లేదు. మిడత ఎగురుతోంది వదినా! స్ప్రింగులు వేశాను, సీటు తీశాను, గొట్టాలు రెండూ మార్చాను. అది కాక ఇంకో పని కూడా చేశాను, అదేంటో చెప్పను. పోటీ అయ్యాక చెప్తాను, నువ్వు నోరు తెరవాలి. నీ జాబితాలో లేనిది, నా బుర్రలోంచి వచ్చింది.

నిన్న వానలో పాత కొండ రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. బురద, నీళ్ళు, ఆకులు. మిగతా బళ్ళు పక్కలకి జారుతుంటే మిడత నాలుగు కాళ్ళతో పాక్కుంటూ పైకి పోతోంది. మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు ఎవరో వీపు మీద చెయ్యేసి తోసినట్టుంది. నేను లోపల గట్టిగా మాట్లాడుతూనే ఉన్నాను, నీకు తెలుసుగా, నోరు ఆడకపోతే నాకు చెయ్యి ఆడదు. అంబులెన్సులో కూడా అంతే. వెనక పడుకున్న పేషెంట్లు కూడా "కాస్త ఆపమ్మా" అంటారు.

పైకి వెళ్ళాక టాప్ తెరిచి వానలో అలా కూర్చున్నాను. పిచ్చిదాన్ని అనుకోకు. ఇంత ఆనందం ఎప్పుడు పడ్డానో గుర్తు లేదు. ఆ బోర్డు మీద నా పేరు ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఉంటే చాలు. పనిలో చేరినప్పటి నుంచీ ఎంత తొందరగా తోలినా అది వేరేవాళ్ళ ప్రాణం కోసమే. ఇది ఒక్కటి నాకోసం తోలాలనుంది.

నీ ఆడపడుచు



దీవి,
సముద్రం బాగాలేదు

అమ్మాయ్,

ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలీదు, పడవ రేవులోనే కట్టేసి ఉంది. నీ కోసం తోలాలన్న మాట రెండుసార్లు చదివాను. తప్పకుండా తోలు.

కానీ ఆ చెప్పని పనేంటో వెంటనే చెప్పు. నాకు నోరు తెరవడం ఇష్టం లేదు, ముందే మూసుకుని వింటాను. తడి రోడ్డు మీద బాగుందని సంబరపడకు. తడిలో చక్రాలు జారి సర్దుకుంటాయి, ఎన్ని తప్పులున్నా బయటపడవు. పొడి రోడ్డు మీద తోలాక మళ్ళీ రాయి.

వదిన



షెడ్డు,
ఎండ

వదినకి,

నీ సముద్రం ఎలా ఉందో నాకక్కర్లేదు. ఈ పడవకి కూడా ఉత్తరం లేదు.

వానలు పోయాయి, రోడ్డు ఆరింది, మిడత చచ్చింది. అవును, చచ్చింది అనే రాశాను. మలుపు తిరగాలంటే స్టీరింగు రాయి. బంకు దగ్గర వెనక్కి తిప్పుతుంటే గుర్రంలా గెంతింది. కొండ సగం ఎక్కేసరికి కింద నుంచి మాడు వాసన. ఎవరో వెనక నుంచి తాడు కట్టి లాగుతున్నట్టుంది. కూరగాయలు తెచ్చుకున్నప్పుడే నయం, నవ్వుతూ వెళ్ళేది.

వెల్డింగాయన చూసి, బండి వంకరపోయి ఉంటుంది అన్నాడు. గొట్టాలు ఎక్కడ పెట్టాలో బొమ్మ వేసింది ఎవరు? నువ్వు. మూత వద్దన్నది ఎవరు? నువ్వు. ఎందుకు వద్దో ఒక్క ముక్క చెప్పావా? చివరి మలుపు గురించి ఎన్నిసార్లు అడిగాను? గిన్నెలు విరిగాయి, గిన్నెలు అతికాయి, ఇవీ నువ్వు రాసినవి!

అనకూడదని చాలా ఆపుకున్నాను. ఇక ఆగను. నీ పేరు ఆ గోడ మీద ఉండిపోవాలని నీకుంది. నువ్వే రాశావు, ఇష్టం లేదని. అప్పుడు నిజాయితీ అనుకుని మెచ్చుకున్నాను. ఇప్పుడు అనిపిస్తోంది, మొహాన చెప్పి మరీ చేసిందని. అన్నయ్యతో అంటే, "అలా అనకే, పాపం" అని బ్రష్షు కడుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఎవరు పాపమో అడగలేదు.

పోటీ దగ్గర పడింది. షాపాయన దగ్గర మూత ఇంకా ఉంది. రేపు వెళ్ళి తెచ్చేసుకుంటాను.

ఇంతే.



దీవి

అమ్మాయ్,

నీ ఉత్తరం రేడియో పెద్దాయనకి చదివి వినిపించలేదు. నా మొహం చూసి ఆయనా అడగలేదు.

కోపం వచ్చింది. చాలా వచ్చింది. కాగితం తీసి, నాలుగు మాటలు అనేద్దామని కూర్చున్నాను. అప్పుడు నువ్వు రాసిన గుర్రం గెంతు కళ్ళముందు ఆడింది. మాడు వాసన, వెనక తాడు, తడిలో బాగుండి పొడిలో మొండికెయ్యడం. ఇవన్నీ కలిపితే ఒకటే జబ్బు. కాబట్టి తిట్లు తరవాత, ముందు వైద్యం.

నాలుగు చక్రాలూ నేల మీంచి లేపు. గట్టి స్టాండ్ల మీద, అన్నయ్య లోపల ఉండగా కాదు. సుద్దముక్క తీసుకుని ముందు చక్రం మీదా వెనక చక్రం మీదా కింద వైపు ఒక్కో గీత పెట్టు. ఇంజన్ వేసి మొదటి గేరులో మెల్లగా తిరగనీ. బండి పక్కన నిలబడి గీతలు చూడు. రెండు గీతలూ కలిసి తిరగాలి. ఒకటి రెండోదాన్ని దాటుకుంటూ పోతే, నువ్వు గేర్‌బాక్స్ మార్చావు.

మార్చావు కదూ? ఆ చెప్పని పని అదే కదూ? పాత సామాన్ల షాపులో మిడత రకం బండే, చిన్న ఇంజన్‌ది, దాని గేర్‌బాక్స్ దొరికి ఉంటుంది. దాని గేర్లు కొండకి గట్టిగా లాగుతాయి, నీ లెక్క తప్పు కాదు, తెలివైన లెక్కే. నేను మెచ్చుకుంటున్నాను, రాసి పెట్టుకో. కానీ మిడతలో ముందు చక్రాల్ని తిప్పే పళ్ళు గేర్‌బాక్స్ లోపలే ఉంటాయి. వెనక చక్రాల్ని తిప్పే పళ్ళు వెనక ఇరుసు మధ్యనున్న ఇనుప గుండులో, అదే డిఫరెన్షియల్‌లో ఉంటాయి. నువ్వు ముందు లెక్క మార్చి వెనక లెక్క అలాగే వదిలేశావు. ముందు చక్రాలు ఒక వేగం అంటాయి, వెనకవి ఇంకో వేగం అంటాయి. తడి రోడ్డు మీద జారి సర్దుకున్నాయి. పొడి రోడ్డు మీద జారే దారి లేక ఒకదాన్నొకటి పీక్కుంటున్నాయి. బండి వంకరపోలేదు. నా గొట్టాలు బంగారంలాంటివి. నువ్వు గేర్‌బాక్స్ తీసిన బండిదే వెనక డిఫరెన్షియల్ కూడా తెచ్చి బిగించు, అంతే. దొరక్కపోతే పాత గేర్‌బాక్స్ మళ్ళీ పెట్టెయ్యి.

ఇప్పుడు తిట్లు. నాకు చెప్పి ఉంటే ఆ రోజే ఈ మాట చెప్పేదాన్ని. నాకు ఆశ్చర్యం కలిగించాలని నువ్వు దాచావు. సరే, దాచడం నీ ఒక్కదాని పని కాదు. నువ్వన్నదాంట్లో సగం అన్యాయం, సగం నిజం. ఆ నిజం సగం ఇదిగో.

చివరి మలుపు గురించి కావాలనే రాయలేదు. ప్రతిసారీ కలం దాకా వచ్చేది, గిన్నెల గురించి రాసేసేదాన్ని. నా దగ్గర ఉన్న గొప్ప ఒక్కటే, అది కూడా ఇచ్చేస్తే ఇంకేం మిగులుతుంది అనిపించేది. ఇక్కడ చుట్టూ నీళ్ళు, పైన గాలి. మీ అన్నయ్య రాసిన నా పేరు అక్కడ గోడ మీద ఉందన్న తలపు నాకు తోడు. చిన్నబుద్ధే. కానీ ఉంది.

ఇప్పుడు వినుకో. ఆ మలుపులో లోపలి వైపు ఎత్తైన రాతిగోడ ఉంటుంది. దాని అవతల రోడ్డు ఎటు పోతుందో కనపడదు, అందుకే అందరూ భయపడి బ్రేకు తొక్కుతారు. కంటికి కనపడేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. నేను కంటితో తిప్పలేదు, చెవితో తిప్పాను. టాప్ తెరిచి ఉంటే నీ పొగ గొట్టం చప్పుడు ఆ రాతికి కొట్టుకుని నీ చెవిలోనే మోగుతుంది. గోడ ఉన్నంతసేపు మోగుతుంది. గోడ అయిపోగానే టక్కున ఆగిపోతుంది. ఆ ఆగిన క్షణంలో రోడ్డు తెరుచుకుంది అని అర్థం, కళ్ళకింకా కనపడకపోయినా. అప్పుడు కాలు పూర్తిగా నొక్కెయ్యి. ముందు చక్రాలు లాక్కుపోతాయి. మూత బిగించినవాళ్ళకి ఆ చప్పుడు వినపడదు. అందుకే ఇన్నేళ్ళూ ఎవరూ నన్ను కొట్టలేకపోయారు, అందుకే మూత వద్దన్నాను. కారణం చెప్తే గుట్టు చెప్పినట్టే కదా. చెప్పకుండా మంచి చెయ్యాలని చూశాను. అలా కుదరదు అని నీ ఉత్తరం చూశాక తెలిసింది.

నువ్వు మాత్రం ఆ మలుపులో నోరు మూసుకోవాలి. నువ్వు మాట్లాడుతూ ఉంటే ఏ గోడ మాటా వినపడదు.

వదిన

ఇంకో మాట. "ఇంతే" అని ముగించి సంతకం కూడా పెట్టలేదు నువ్వు. మళ్ళీ అలా చెయ్యకు.



షెడ్డు

మా బంగారు వదినకి, నీ మతిలేని ఆడపడుచు, నీ ఆడపడుచు, నీ ఆడపడుచు (పోయినసారి సంతకం కూడా ఇందులోనే),

గేర్‌బాక్సే! నాలుగు సముద్రాల అవతల కూర్చుని ఎలా కనిపెట్టావు తల్లీ!

సుద్దగీతలు పెట్టి ఇంజన్ వేశాను. మొదటి రెండు చుట్లు కలిసే తిరిగాయి. ఆ తరవాత ముందు చక్రం గీత మెల్లమెల్లగా వెనకబడటం మొదలెట్టింది. అన్నయ్య పక్కన నిలబడి, "మీ ఇద్దరి ఉత్తరాల్లా ఉన్నాయే ఇవి" అన్నాడు. అన్నయ్య అలాంటి మాట అంటాడని నేననుకోలేదు. షెడ్డులో బండి కింద పడుకుని ఏడ్చాను. నూనె కళ్ళలో పడిందని చెప్పాను.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటే పోవు, తెలుసు. సిగ్గుగా ఉంది. క్షమించు అని రాస్తే నువ్వు "ముందు డిఫరెన్షియల్ బిగించు" అంటావు. అందుకే ముందు బిగించే రాస్తున్నాను.

దాని కథ విను. పరిగెత్తుకుంటూ పాత సామాన్ల షాపుకి వెళ్ళాను. ఆ చిన్న ఇంజన్ మిడత మొత్తం విప్పేశారు, వెనక భాగం లేదు. "ఆ డిఫరెన్షియల్ ఏదండీ?" అంటే షాపాయన తల గోక్కున్నాడు. గుర్తు లేదట. నీరసంగా బయటికొస్తుంటే గేటు తగిలింది. గాలికి ఊగకుండా గేటుకి అడ్డంగా ఒక నల్లటి బరువు పెట్టి ఉంది. వంగి చూశాను. అదే! ఇన్నాళ్ళూ దాన్ని కాలితో పక్కకి తోసి లోపలికి వెళ్ళేదాన్ని, వదినా! "గేటుకి ఇంకేం పెట్టుకోనమ్మా" అని ఆయన గోల. చివరికి మిడత పాత డిఫరెన్షియల్ ఇచ్చి ఇది తెచ్చుకున్నాను. ఇప్పుడు మన పాతది అక్కడ గేటు కాపలా కాస్తోంది. మూత తీసుకెళ్ళమని కూడా అన్నాడు. మా మిడతకి మూత వద్దు అన్నాను. గర్వంగా అన్నాను.

బిగించాక సుద్దగీతలు మళ్ళీ చూశాను. అన్నయ్య టీ తాగడం అయ్యేదాకా తిప్పాను. రెండూ కలిసే తిరుగుతున్నాయి.

పొడి రోడ్డు మీద తోలాను. ఏమని చెప్పను! వీపు మీద ఆ తోపు ముందు తడిలోనే ఉండేది, ఇప్పుడు పొడిలోనూ ఉంది, ఇంకా రెట్టింపు ఉంది. నవ్వు ఆగట్లేదు. అంబులెన్సులో కూడా నవ్వుతున్నానని పెద్ద నర్సు కసిరింది.

చివరి మలుపు దాకా మాత్రం వెళ్ళలేదు. అది నువ్విచ్చింది. పోటీ రోజే వాడతాను, అంతకు ముందు దాన్ని అరగదియ్యను.

నీ ఆడపడుచు



కొండ కింద, పెట్రోల్ బంకు,
బల్ల లేదు, మిడత బానెట్ మీద రాస్తున్నా, ఇంకా వేడిగా ఉంది

వదినా,

కొట్టాను!!

ఉండు, వరసగా చెప్తాను. ఒక్కో బండినే వదిలారు. నా ముందువాళ్ళందరూ మూతలే. నా బండి చూసి ఒకడు, "గొడుగు తెచ్చుకున్నారా మేడమ్?" అన్నాడు. జెండా ఊపారు. మొదటి మలుపు, రెండోది, వంతెన, నువ్వు చెప్పినట్టు నాలుగు చక్రాలూ నేలని విడవలేదు. నేను దారంతా మాట్లాడుతూనే ఉన్నాను. మిడతని బతిమాలాను, తిట్టాను, ముద్దు చేశాను. రాతిగోడ కనపడింది. కాలు దానంతటదే బ్రేకు వైపు వెళ్ళింది. అప్పుడు నోరు మూసుకున్నాను. బుద్ధెరిగాక నేను నోరు మూసుకోవడం అదే మొదటిసారి అని అన్నయ్య అంటున్నాడు, అది వేరే రికార్డట.

చప్పుడు మోగింది వదినా. రాయంతా మోగింది. ఒంట్లోంచి వస్తున్నట్టు మోగింది. కళ్ళకి ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేదు, భయంతో చచ్చిపోతున్నాను. ఆగింది. టక్కున. కత్తిరించినట్టు. నేను నొక్కేశాను. కళ్ళకి రోడ్డు కనపడేసరికి మిడత అప్పటికే దాని మీద ఉంది!

నీ సమయం కన్నా అర సెకను తక్కువ. గేర్‌బాక్స్‌కి కొంత, గొట్టాలకి కొంత, మిగతాదంతా ఆ చప్పుడుకే. నువ్వు అప్పట్లో ఏమీ మార్చని మిడతతో ఆ సమయం ఎలా తెచ్చావో నాకు ఇప్పుడే అర్థమైంది. పైన దిగాక చేసిన మొదటి పని సముద్రం వైపు తిరిగి నీకు దండం పెట్టడం.

ఇప్పుడొక చిక్కు. బంకు రేపే ఎత్తేస్తారు. కొత్త బంకు గోడ మీద బోర్డు ఎలా ఉంటే అలా తగిలిస్తారట, ఆ తరవాత ఇక ఎవరూ ముట్టుకోరు. నీ పేరు నువ్వే చెరపాలి, నువ్వేమో అక్కడున్నావు. పోటీవాళ్ళు అన్నయ్యని చెరపమన్నారు. నిచ్చెనెక్కాడు. గుడ్డ కిరసనాయిల్‌లో తడిపాడు. నీ పేరు ముందు అలా నిలబడిపోయాడు. తరవాత దిగొచ్చి, "ఇది నేను రాసింది, నావల్ల కాదు" అన్నాడు. నన్ను చెరపమంటే గుడ్డ తిరిగి ఇచ్చేశాను. ఆనవాయితీ ఒక్కటే కాదు వదినా, మా ఇద్దరిలో ఎవరం చేసినా దొంగతనంలా ఉంటుంది.

అందుకని అన్నయ్య మళ్ళీ ఎక్కి బోర్డు మేకులు ఊడదీశాడు. ఊయలెక్కితేనే కళ్ళు తిరిగే మనిషి, రేపటి పడవకి బోర్డు చంకలో పెట్టుకుని వస్తున్నాడు. ఈ ఉత్తరం కూడా ఆయన జేబులోనే. ఇష్టం లేకపోతే చెరపకు. నిజంగా చెప్తున్నాను. కొట్టానని నాకు తెలుసు, నీకు తెలుసు, చాలు.

నీ ఆడపడుచు



దీవి

అమ్మాయ్,

మీ అన్నయ్య పడవ దిగేసరికి మొహం మిడత కంటే పచ్చగా ఉంది. ఒక చేతిలో బోర్డు, ఒక చేతిలో రంగు డబ్బా, రెండూ పడవలో వదల్లేదట. వాంతి వచ్చినా వదల్లేదట. రేడియో పెద్దాయన ఎదురెళ్ళి బోర్డు అందుకోబోతే ఇవ్వలేదు. నా చేతికే ఇచ్చాడు. ఇన్ని నెలల తరవాత చూసిన మొగుడు అడిగిన మొదటి మాట, "గుడ్డ ఉందా?" అని.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చప్పుడు ఆగిన చోట మూడుసార్లూ నా కాలు నేలని నొక్కింది. పెద్దాయనకి కూడా వినిపించాను. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, ఒక్కడే, ఆ చిన్న గదిలో.

బోర్డు బల్ల మీద పెట్టాం. ఇష్టం లేకపోతే చెరపకు అన్నావు. ఇష్టం లేదు. ఉంటుందని కూడా అనుకోలేదు. కానీ గుడ్డ కిరసనాయిల్‌లో ముంచాను, తుడవడం మొదలెట్టాను, కొంచెం ఏడ్చాను, మీ అన్నయ్య నా వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు. నా పేరు పూర్తిగా పోలేదు. ఎండకి చెక్కలోకి దిగిపోయిన రంగు, దగ్గరికెళ్ళి చూస్తే కింద నీడలా తెలుస్తుంది. దాని మీదే మీ అన్నయ్య నీ పేరు రాశాడు. ఎప్పటికన్నా మెల్లగా రాశాడు. తరవాత సమయం చెరిపాను, కొత్తది రాశాడు. అర సెకనే కదా, ఒక్క అంకె మార్చాల్సొచ్చింది.

మధ్య గడిలో బండి పేరు దగ్గరికి గుడ్డ తీసుకెళ్ళి ఆగాను. మిడత అని ఉంది. మీ అన్నయ్య బ్రష్షు పట్టుకుని నా వైపు చూశాడు. ఇద్దరం నవ్వేశాం. ఆ గడిలో చెరిపే పని లేదు, రాసే పనీ లేదు. దుమ్ము తుడిచి అలాగే ఉంచాను.

వదిన